మా అక్క పాదంలో వదులు కీలు

మా చుట్టాల్లో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. మొగుడు బతికుండగానే మా అక్క కాలి మెట్టెలు కోయించారని, అందుకే ఆమెకు మగ్గం దూరమైందని. పెళ్లిళ్లలో, కర్మంతరాల్లో నలుగురు ఆడవాళ్లు కూర్చున్నచోట ఈ మాట వస్తుంది. నేను అటువైపు వెళితే ఆగిపోతుంది. ఎందుకంటే ఆ మెట్టెలు కోయించింది నేనే.

ఇది రాయడానికి మొదటి కారణం అదే. మెట్టెలకూ మా అక్క కాలికీ ఏ సంబంధమూ లేదు. అలాగని నా తప్పేమీ లేదని చెప్పుకోవడానికి కూర్చోలేదు. నా తప్పు ఉంది. అది వేరే చోట ఉంది. మెట్టెల గురించి మాట్లాడేవాళ్లలో ఒక్కరికీ అది తెలియదు. తెలిసినవాళ్లం ముగ్గురం. అక్క ఎవరికీ చెప్పదు. బావ మరిచిపోయినట్టు ఉంటాడు. నేను కూడా ఊరుకుంటే మెట్టెల కథే నిజమైపోతుంది. అక్క కూతురి పాదం అచ్చం వాళ్లమ్మ పాదమే. రేపు దానికి నొప్పి మొదలైతే చూడాల్సింది బొటనవేలిని ఒక్కదాన్నే కాదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

రెండో కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను పుస్తకాలు చదివేవాణ్ణని నాకు చాలా గర్వం. ఈ పనంతా ఆ గర్వంతోనే చేశాను.

నేను పదో తరగతితో చదువు ఆపేశాను. అప్పటినుంచి ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో పని చేస్తున్నాను. చీరలు విప్పి చూపించడం, కొననివాళ్లు వెళ్లిపోయాక మళ్లీ మడత పెట్టడం. పొద్దున అంగడి తెరిచేలోగా గ్రంథాలయంలో ఒక గంట కూర్చుంటాను. మొదట్లో పేపరు కోసం వెళ్లాను, తర్వాత బీరువాల దగ్గరికి వెళ్లాను. చరిత్ర అయిపోయింది, వ్యవసాయం అయిపోయింది, చేపల పెంపకం కూడా చదివాను, మా వైపు చేపలు పెంచేంత నీళ్లు ఎక్కడున్నాయో ఆలోచించకుండానే. వైద్యం అని చీటీ అంటించిన అర మొత్తం రెండుసార్లు చదివాను. అంగడిలో తోటివాళ్లు నన్ను డాక్టరని పిలిచేవాళ్లు. వెక్కిరింపుకే పిలిచేవాళ్లు గానీ, జ్వరమొస్తే నా దగ్గరికే వచ్చి అడిగేవాళ్లు. ఆ అడగడం నాకు బాగుండేది.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమె. పెళ్లయి జమ్మలమడుగు పోయింది. వాళ్ల ఇంట్లో ముందు గదిలో రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉండేవి, ఒకటి బావది, ఒకటి ఆమెది. చూడనివాళ్లకు చెప్పాలి. నేలలో నడుంలోతు గుంట తీసి, మగ్గం దాని మీద బిగిస్తారు. నేసే మనిషి గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదులుతుంది. కింద రెండు తొక్కుడు చెక్కలు ఉంటాయి. ఒకటి తొక్కితే పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, రెండు వరసలుగా విడిపోతాయి, ఆ సందులోంచి అడ్డదారం మోసుకుని నాడె పోతుంది. రెండోది తొక్కితే వరసలు తారుమారవుతాయి, నాడె వెనక్కి వస్తుంది. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు. చీర నేస్తున్నది చేతులే అనిపిస్తుంది చూసేవాళ్లకు. కాళ్లు కనపడవు కదా.

అక్క ఎడమకాలి బొటనవేలు పక్కవేలి మీదికి వాలడం నేను ముందే చూశాను. వేలి మొదట్లో, పాదం లోపలి అంచున ఒక ఎముక గడ్డలా పొడుచుకొచ్చింది. ఎర్రగా, నున్నగా ఉండేది. మా అమ్మకు కూడా అలాగే ఉండేదని నాకు లీలగా గుర్తు, కానీ మా అమ్మ కాలికి నొప్పి ఉండేదో లేదో నాకు తెలియదు. మేం ఎవరం అడగలేదు.

నేను సెలవుకు పోయినప్పుడల్లా అక్క ఒక పని చేయడం చూసేవాణ్ణి. మగ్గంలో కూర్చునే ముందు పాత చీర అంచు నుంచి చించిన పీలిక ఒకటి తీసి, ఎడమ పాదానికి నడిమధ్య, పాదం పైకి లేచి చీలమండ వైపు తిరిగే చోట, నాలుగు చుట్లు గట్టిగా చుట్టి ముడేసేది. నేసినంతసేపూ అది ఉండేది. లేచేటప్పుడు విప్పి మేకుకు తగిలించేది.

"నొప్పి యాడుండాది అక్కా?" అని అడిగాను ఒకసారి.

"ఈడ" అని గడ్డ చూపించింది.

"మరి కట్టేది ఆడ?"

"ఆడ బిగిస్తేనే ఈడ నొప్పి తగ్గుతాది అబ్బీ."

నేను నవ్వాను. "తలనొస్తే మోకాలికి మందు పూసుకున్నట్లుండాది నీ కత."

పక్క మగ్గంలోంచి బావ అన్నాడు: "నేనూ అదే అంటి. ఇంటే గదా. మీ అక్కకు పుట్టుకతోనే తిక్క, నాకు చెప్పకుండా అంటగట్టిరి."

"నువ్వు నాడె ఆడించు, నోరు ఆడించొద్దు" అంది అక్క. నా వైపు తిరిగి, "ఎందుకు తగ్గుతాదో నాకేం తెలుసు రా. సదివినోనివి నువ్వు. నువ్వే జెప్పు" అంది.

అది వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. నేను ఆ పని మీద ప్రొద్దుటూరు వచ్చి పుస్తకం తీశాను.

పుస్తకంలో బొటనవేలి వంకర గురించి అరపేజీ ఉంది. ఇరుకు బూట్లు, మొన సన్నగా ఉన్న చెప్పులు వేసుకునేవాళ్లకు వస్తుందని, వెడల్పు చెప్పులు వేసుకోవాలని, గడ్డ బాధిస్తే శస్త్రచికిత్సతో తొలగించవచ్చని రాసి ఉంది. మా అక్క పుట్టినప్పటినుంచి బూటు వేసుకోలేదు. ఇంట్లో వట్టి కాళ్లు, బయటికి పోతే రబ్బరు చెప్పులు. ఆ అరపేజీ మా అక్కకు సరిపోదని అక్కడే ఆగి ఉంటే, ఇంకో పుస్తకం వెతికి ఉంటే, ఈ కథ లేదు. నేను ఆగలేదు. పుస్తకం తప్పు చెప్పదు కాబట్టి మా అక్క కాలి మీద ఇరుకైనదేదో ఉండి తీరాలని వెతకడం మొదలుపెట్టాను. రెండు దొరికాయి. ఒకటి ఆ పీలిక. రెండోది మెట్టెలు.

పీలిక సంగతి తేలికగా అయిపోయింది. కట్లు గట్టిగా కడితే రక్తం ఆడదని వేరే పుస్తకంలో, ఎముకలు విరిగినవాళ్ల గురించి రాసినచోట చదివి ఉన్నాను. అదే చెప్పాను. రక్తం ఆడక కాలు పుచ్చిపోతుందని కూడా అన్నాను. అక్క భయపడింది. మేకుకున్న పీలిక నేనే తీసి పొయ్యిలో వేశాను.

మెట్టెల సంగతి అంత తేలిక కాలేదు. పెళ్లినాడు తొడిగిన వెండి మెట్టెలు. మెట్టె ఉన్న పక్కవేలి కీలు ముదిరి, బొటనవేలు మీదకొచ్చి, ఎడమకాలి మెట్టె ఊడిరాకుండా ఇరుక్కుపోయింది. సబ్బు రాసినా రాలేదు. కోయాలి. పెళ్లయిన ఆడమనిషి మెట్టెలు కోసేది ఎప్పుడో మా వైపు అందరికీ తెలుసు. అక్క రెండు నెలలు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పించింది బావే.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధిలో, పెద్ద అంగళ్లు దాటి లోపలికి పోతే, ఒక ముసలి కంసాలి కూర్చునేవాడు. ముగ్గురం పోయాం. సంగతి చెబితే ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని నన్ను చూశాడు.

"ఏందప్పా, ముత్తయిదువ కాలికి కత్తెర పెట్టమంటాండావు? ఈమె పెనిమిటి యాడ?"

"ఈడే ఉండా సామీ" అన్నాడు బావ. "సావలేదు. గిల్లి సూస్కో."

కంసాలి నవ్వలేదు. లోపలికి కేకేసి పసుపు తెప్పించాడు. దారం పసుపులో తడిపి ముందు అక్క రెండు కాళ్ల వేళ్లకూ కట్టించాడు, బావ చేత. "దారం ముందు పడల్ల, వెండి తర్వాత తెగల్ల. కాలు ఒక్క నిమిషం గూడ బోడిగా ఉండగూడదు" అన్నాడు. ఒంటి మెట్టె ఉండకూడదని కుడికాలిది ఊడదీసి, అప్పుడు ఎడమదానికి కత్తెర తీశాడు. అక్క గోడకేసి చూస్తూ ఉండిపోయింది. టిక్కుమని శబ్దం వచ్చినప్పుడు ఆమె భుజాలు కదిలాయి.

కోసిన మెట్టె అరచేతిలో పెట్టుకుని కంసాలి కాసేపు చూశాడు. "మెట్టె ఇరుకు గాలేదప్పా. సొట్ట పోయింది సూడు, ఒకే పక్క. బొటనవేలు వచ్చి దీన్ని తోస్తాంది. ఇది ఆ వేలిని ఏం చేయలేదు" అన్నాడు.

ఆయన ఎన్నో పాదాలు చూసిన మనిషి. ఎనిమిదో తరగతి కూడా చదివి ఉండడని నేను మనసులో అనుకున్నాను.

మెట్టెలు తీసినా వేలు వాలుతూనే పోయింది. పీలిక లేనందువల్ల నొప్పి పెరిగిందని ఇప్పుడు అనుకుంటున్నాను, అప్పుడు అనుకోలేదు. అక్క మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి గుంటలోంచి కాలు పైకి తీసి, రెండు చేతులతో పాదం మధ్యలో పిసుక్కుంటూ కూర్చునేది. గడ్డను ముట్టుకునేది కాదు. ఎప్పుడూ మధ్యలోనే. అది కూడా నా కళ్లముందే జరిగింది.

ఏడాది చూసి, ప్రొద్దుటూరులోనే ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే తీయించి, ఎముక పక్కకు జరిగి ఉందని, దాని కథ పూర్తిగా తేల్చాలంటే పాదాల గురించి బాగా తెలిసినవాళ్లకు చూపించాలని, తాను చేయగలిగింది పైకి పొడుచుకొచ్చినదాన్ని చెక్కి నున్నగా చేయడమేనని చెప్పాడు. సరిగ్గా ఇవే మాటలు చెప్పాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేనే అన్నాను: "గడ్డే గద సార్ రోగం. గడ్డ తీసేస్తే సాలు. నేను చదివినా."

బయట బెంచీ మీద అక్క అడిగింది. "అబ్బీ, ఇది చేయించుకుంటే మల్లా గుంటలో కూసోవచ్చునా?"

"నెలన్నరలో కూసుంటావు."

"ఖాయంగా?"

"ఖాయంగా అక్కా. పుస్తకంలో ఉండాది."

పుస్తకంలో మగ్గం గురించి ఒక్క ముక్క లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు విప్పాక పాదం చక్కగా, లోపలి అంచు గీత గీసినట్టు ఉంది. నేను చుట్టాలందరికీ ఆ కాలు చూపించాను. మా పెద్దమ్మ వంగి చూసి, "కాలైతే తిన్నగైంది. మెట్టెలు యాడ?" అంది. కొత్త మెట్టెలు చేయించాల్సిందే, పుండు పూర్తిగా మానాక అనుకున్నాం. అక్క నెలన్నర తర్వాత మగ్గంలో కూర్చుంది. మొదటి చీర నాకే పంపింది, అంగడిలో పెట్టి అమ్మమని కాదు, ఊరికే చూడమని. ఎర్రంచు, మధ్యంతా నలుపు, ఎక్కడా ఒక పోగు తప్పలేదు. ఆ చీర మడతపెట్టేటప్పుడు దాన్ని నేనే నేసినంత గొప్పగా అనిపించింది.

రెండో ఏడు బొటనవేలు మళ్లీ వాలింది. ఈసారి ముందుకంటే ఎక్కువ. గడ్డ మళ్లీ లేచింది. పైగా రెండో వేలి కింద అరికాలిలో ఆనెకాయ లేచి, నేల మీద అడుగు పెడితే గులకరాయి తొక్కినట్టు ఉందనేది. అక్క నాకు చెప్పలేదు. నేనే తెలుసుకున్నాను, అంగడిలో.

జమ్మలమడుగు నుంచి వచ్చిన మూటలో చీరలు విప్పుతున్నాను. ఎదురుగా ఒక తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. ఎర్రంచు చీర ఒకటి విప్పి గాల్లో విదిలించి పరిచాను. కూతురు వేలు పెట్టింది. "ఈడ సూడు మా, పోగులు తేలిపోయినాయి." వెలుతురుకు పట్టి చూస్తే ఒక్కచోట కాదు. జానెడుకొకచోట, పేక పోగు, అంటే అడ్డదారం, పడుగు కిందికి పోవాల్సింది పైనే ఉండిపోయింది. చిన్నచిన్న గీతలు, వరసగా. మా అంగడి యజమాని పుట్టుకతో నేతపని తెలిసిన మనిషి. దూరం నుంచే చూసి, "ఎవురికో కాలు తేలిపోతాంది. చెక్క అడుగంటా తొక్కల్యా. పోగులు సగమే తెరుసుకున్యాయి, నాడె తప్పు దావన బోయింది" అన్నాడు. చీర తిరిగి పంపేయమన్నాడు.

మూటలో అలాంటివి ఇంకో రెండున్నాయి. ఎవరు నేశారో చీటీ చూడాల్సిన పని లేకపోయింది. ఆ అంచు మా అక్క అంచు. నేను ఆ మూడు చీరలూ మడతపెట్టి మూటకట్టాను. వెనక్కి పంపడం మాత్రం వేరేవాళ్లకు అప్పజెప్పాను.

ఆ వారం సెలవు పెట్టి జమ్మలమడుగు పోయాను. అక్క నన్ను చూసి కాలు చీర కింద దాచుకుంది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. కాలు చూసి కాదు, దాన్ని నా నుంచి దాచుకున్నందుకు. నూలు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి ఇంకో నెల చూస్తానన్నాడని, చీరలు ఇలాగే ఉంటే ఆమెకు పడుగు ఇవ్వనన్నాడని బావ చెప్పాడు.

పులివెందులలో ఆసుపత్రికి ఒక డాక్టరమ్మ వస్తుందని, పాదాలూ కీళ్లూ ఓపికగా చూస్తుందని మా అంగడిలో తోటిపనివాడు చెప్పాడు. జమ్మలమడుగులో పొద్దున బస్సెక్కి ముద్దనూరు మీదుగా పోయాం, నేనూ అక్కా. పులివెందుల దగ్గరపడ్డాక రోడ్డుకు రెండు పక్కలా మేం చీనీ అనే బత్తాయి తోటలు, అరటి తోటలు. అక్క కిటికీ దగ్గర కూర్చుని చూస్తూ, "ఈళ్లకు నీళ్లుండాయి" అని ఒక్క మాట అంది. 

డాక్టరమ్మ మా అక్క కూతురికంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఎక్స్‌రే పక్కన పెట్టింది. ముందు అక్కను వట్టి కాళ్లతో నిలబెట్టి, వెనక నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. తర్వాత మంచం మీద కూర్చోబెట్టి, తాను చిన్న స్టూలు మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. ఒక చేత్తో పాదం మధ్యభాగాన్ని కదలకుండా పట్టుకుంది. రెండో చేత్తో బొటనవేలి వెనకుండే పొడుగాటి ఎముకను పట్టి పైకి, కిందికి ఆడించింది. అది ఆడింది. నేను చూశాను. తలుపు బందు మేకులు వదులైతే రెక్క ఎలా ఆడుతుందో అలా ఆడింది. కుడిపాదం పట్టి చూపించింది. అదీ ఆడింది, కానీ అంత కాదు.

"అమ్మా, ఈడ," అని పాదం నడిమధ్య వేలు పెట్టి, "ఎప్పుడన్నా గుడ్డతో బిగించి కట్టుకుని చూసినావా? కట్టుకుంటే హాయిగా ఉండేదా?" అని అడిగింది.

అక్క నా వైపు చూసింది. చూసి వెంటనే కిందికి చూసింది.

"కట్టుకుంటాంటి తల్లీ. ముందు. శానా హాయిగుండేది."

"మరెందుకు మానేసినావు?"

"ఊరికెనే. మరుపుతో."

డాక్టరమ్మ, "అయ్యో, సరైన చోటే కట్టుకున్నావే. ఎవరు చెప్పినారు నీకు ఆడ కట్టమని?" అంది.

"ఎవురు జెప్తారు. నా కాలే గదా" అంది అక్క.

 ఆ పీలిక తీసింది నేనేనని అక్కడ చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

డాక్టరమ్మ చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో పెడతాను. తర్వాత నెలలపాటు గ్రంథాలయం కంప్యూటర్ ముందు కూర్చుని చదివినదాన్ని కూడా కలిపి. బొటనవేలి వెనక ఒక పొడుగు ఎముక ఉంటుంది. దాని ముందు కొస వేలిని మోస్తుంది, వెనక కొస పాదం మధ్యలో ఒక కీలులో కూర్చుంటుంది. ఆ వెనక కీలు గట్టిగా ఉంటే ఎముక నిలబడుతుంది. అది వదులైతే, మనిషి బరువు వేసిన ప్రతిసారీ ఎముక కొంచెం పైకి లేస్తుంది, కొంచెం పాదం లోపలి అంచు వైపు జరుగుతుంది. ఎముక ఇటు జరిగితే వేలు అటు వాలుతుంది. ఆ ఎముక కొసే గడ్డలా బయటికి కనపడుతుంది. అంటే కొత్తగా పెరిగిన గడ్డ దాదాపు ఏమీ లేదు. చోటు తప్పిన ఎముక అది. బరువు మోయాల్సిన ఎముక తప్పుకుంటే ఆ బరువు పక్క ఎముక మీద పడుతుంది, అందుకే రెండో వేలి కింద ఆనె.

నేతవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పడుగు లాగి కట్టిన గుంజ మొదట్లో మన్ను వదులైందనుకోండి. గుంజ కొన వాలుతుంది. కొన చెక్కి నున్నగా చేస్తే గుంజ నిలబడదు. నేను చేయించింది కొన చెక్కించడం. పైగా మొదట్లో ఆమె తానుగా బిగించుకున్న ఊతాన్ని ఊడబెరికాను.

ఇందులోనూ అందరూ ఒకటే మాట మీద లేరని తర్వాత చదివాను. కీలు వదులవడం ముందనీ, దానివల్లే ఎముక జరుగుతుందనీ కొందరు. ఎముక జరిగాకే కీలు వదులుగా తోస్తుందని కొందరు. ఇరుకు చెప్పులు, పుట్టుకతో వచ్చిన పాదం తీరు, చేసే పని, అన్నీ కలుస్తాయని ఇంకొందరు. డాక్టరమ్మ కూడా "అందరికీ ఇదే కారణమని చెప్పను. మీ అక్కకు మాత్రం నా చేతికి తెలుస్తాంది" అంది. ఆ జాగ్రత్త నాకు కొత్త. నేను ఒక అరపేజీ చదివి ఖాయంగా అన్నవాణ్ణి.

ఆ వెనక కీలునే సరిచేసి, మరలు వేసి ఎముకలు అతుక్కునేలా చేసే ఆపరేషన్ ఉందని చెప్పింది. చాలా వారాలు కాలు నేల మీద పెట్టకూడదు. అతుక్కున్నాక నడక బాగుంటుందని ఆమె నమ్మకం.

అక్క అంతా విని, "నడిసేదానికి ఇప్పుడు గూడ నడుస్తాండా తల్లీ. మగ్గం తొక్కొచ్చునా? రోజంతా?" అంది.

 మగ్గం ఎలా తొక్కుతారో అడిగింది డాక్టరమ్మ. అక్క కూర్చున్నచోటే గాల్లో కాళ్లు ఆడించి చూపించింది, కుడి, ఎడమ, కుడి. డాక్టరమ్మ ఎడమకాలు అడుగుకు పోయేటప్పుడు ఆపి, పాదం ముందుభాగం కింద చెయ్యి పెట్టి తొయ్యమంది, మళ్లీ తొయ్యమంది.

"రోజంతా ఇట్ల తొక్కొచ్చని నేను మాటియ్యలేనమ్మా. తొక్కొచ్చేమో. తొక్కలేకపోవచ్చు. ఇంతకుముందు ఒకసారి కోసిన కాలు గూడ."

"మాటియ్యలేనంటాండావు సూడు, అది బాగుంది తల్లీ" అంది అక్క. కోపంగా అనలేదు. నిజంగా బాగుందనే అంది. తర్వాత చెప్పులు తొడుక్కుంది.

తిరుగు బస్సులో నేను చేయించుకోమని బతిమాలాను. ముద్దనూరు దాకా ఆమె వింది. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు, "గమ్మునుండు రా రోంత సేపు" అంది. అంతే.

డాక్టరమ్మ రాసిచ్చిన మెత్తని ఆసరా చెప్పులో పెట్టుకుంది. నేనే కొత్త పట్టీ కొనిచ్చాను, బిగించేది. కట్టుకుని మగ్గంలో కూర్చుంది. అయితే కాలు వెనకటి కాలు కాదు. సావుకారి ఇచ్చిన నెల గడిచింది. చివరి పడుగు సగం నేసి, మిగతా సగం బావను నేయమని గుంటలోంచి లేచింది. అది ఎవరూ పెద్దగా పట్టించుకోని సాయంత్రం. మళ్లీ కూర్చోలేదు.

కొన్ని నెలలు ఆ గుంట అలాగే ఉంది. దాని మీద పలక వేసి బియ్యం మూట పెట్టారు. వానలకు పక్క నుంచి చెమ్మ దిగి, ఒక పిల్లి అందులో ఈనింది. చివరికి పూడ్చేద్దామని బావే అన్నాడు. నేను ఆ రోజు పోయాను. గుంజలు పీకాం. తొక్కుడు చెక్కలు తీసేటప్పుడు నేను వాటిని తిప్పి చూశాను. కుడిది అంతటా సమంగా అరిగి ఉంది. ఎడమది బయటి అంచు దగ్గరే నున్నగా అరిగి, లోపలి వైపు, బొటనవేలు ఆనాల్సిన చోట, రంపపు గీతలు కూడా పోలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ వేలు చెక్కను సరిగ్గా ఆనలేదన్నమాట. అది అక్కడే ఉండింది, ఎవరైనా గుంటలోకి దిగి చూస్తే. నేను ఎప్పుడూ దిగలేదు.

ట్రాక్టరు మన్ను తోలింది. బావ పారతో లాగాడు. అక్క నీళ్లు చల్లి, చీర పైకి దోపుకుని, మన్ను అణగడానికి తొక్కింది. కుడికాలితోనే తొక్కింది. ఎడమకాలు ఊరికే పక్కన పెట్టుకుని. నేను తొక్కుతానంటే వద్దంది.

ఇప్పుడు ఆమె బావ మగ్గానికి, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టి ఇస్తుంది. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, రాట్నం తిప్పుతుంది. పక్కన పూడ్చిన చోటు చుట్టూ ఉన్న బండలకంటే కొంచెం కుంగింది. అడుగు వేసేటప్పుడు చూసుకుని వేయాలి.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లకు నమస్కారం చెప్పుకోవాలి. పేర్లు పెట్టాలనే అనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "పేర్లు రాస్తే ఊరూరూ నా కాలు సూసేదానికొస్తారు, నాకు కాఫీలు పెట్టే పనైతాది" అంది. కాబట్టి పేర్లు లేకుండానే చెబుతాను.

కంప్యూటర్ ముందు గంటలు గంటలు కూర్చున్నా లేవమనని, అర్థంకాని మాటలకు నిఘంటువు తీసి ఇచ్చిన గ్రంథాలయ ఉద్యోగికి. ఒక మెట్టె సొట్ట చూసి, నా పుస్తకాలు చెప్పనిది చెప్పిన కంసాలికి, ఆయన ఇప్పుడు లేడు. తెలియనిదాన్ని తెలియదన్న పులివెందుల డాక్టరమ్మకు. తన పరిమితి తాను ముందే చెప్పిన ప్రొద్దుటూరు డాక్టరుకు. పులివెందుల దారి చెప్పిన తోటిపనివాడికి. నన్ను ఒక్క మాట అనని బావకు. నా మేనకోడలికి, తన రెండు పాదాలూ నా చేతికిచ్చి, ఎముక ఆడించి చూసుకోనిచ్చినందుకు. వదులుంది. ఆసరా వేసుకోమంటే "అబ్బా, పో మామా" అంటుంది గానీ వేసుకుంటోంది.

చివరిగా అక్కకు. రాసిందంతా ఆమెకు చదివి వినిపించాను. రాట్నం ఆపకుండా వింది. పీలిక దగ్గర ఆగుతుందేమో అని చూశాను, ఆగలేదు. అయిపోయాక కండె తీసి బుట్టలో వేసి, "అంతా బాగనే రాస్తివి. నాకు మగ్గమంటే శానా ఇష్టమని మాత్రం యాడా రాయలేదే" అంది.

మా అక్కకు మగ్గమంటే చాలా ఇష్టం.